ఏకగ్రీవంగా కొట్టేయండి

వ్యాకరణం అనే పేరు ఆయనకు ఎవరు పెట్టారో వీధిలో ఎవరికీ గుర్తులేదు. అసలు పేరు అంతకన్నా గుర్తులేదు. కాలేజీలో ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పిల్లలకు భాష చెప్పి రిటైరైన మనిషి. రిటైరయ్యాక చెప్పడం ఆపాడా అంటే, అదేం లేదు, పిల్లలు మారారంతే. పాలు పోసేవాడి దగ్గర్నుంచి పక్కింటి పళ్ళ డాక్టరమ్మ దాకా ఇప్పుడు అందరూ ఆయన విద్యార్థులే. "రేపొస్తా" అన్నవాడిని గేటు దగ్గర నిలబెట్టి "రేపు వస్తాను" అనిపించుకుని గాని వదిలిపెట్టడు. అలా అన్నవాడు మర్నాడు రాకపోయినా ఆయనకు చింత లేదు. వాక్యం మాత్రం కుదురుగా ఉండాలి.

ఆయన భార్యకు కొంతకాలం క్రితం పక్షవాతం వచ్చింది. పోయిన మాట తిరిగొచ్చింది గాని కాస్త ముద్దగా వచ్చింది. కుడికాలు మటుకు సగమే వచ్చింది. చేతికర్ర ఇచ్చి చూశారు, పట్టుకుని నడిచే ఇనప చట్రం ఇచ్చి చూశారు. ఆవిడ రెంటినీ మూలన పడేసి తన దారి తనే కనిపెట్టుకుంది. వాళ్ళ గేటు ముందు నుంచి వీధి చివర ఆవిడ అక్కగారి ఇంటి దాకా కాలిబాట పొడుగునా పెద్ద పెద్ద నీడ చెట్లున్నాయి. ఈ చెట్టుకు చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకోవడం, కాలీడ్చుకుంటూ వెళ్ళి ఆ చెట్టును అందుకోవడం, అక్కడ మళ్ళీ కాసేపు ఆగడం. అలా చెట్టూ చెట్టూ పట్టుకుని రోజూ మధ్యాహ్నం అక్క దగ్గరికి వెళ్ళేది. అక్కగారికి మోకాళ్ళు పేరుకే ఉన్నాయి, ఆవిడ గడప దాటలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ కూర్చుని తెలిసినవాళ్ళందరినీ పేరుపేరునా ఉతికి ఆరేసి, ఎండ తగ్గాక విడిపోయేవాళ్ళు. మంచం మీద నుంచి ఆవిడను లేపింది మందులు కాదు, ఈ రాకపోకలేనని వ్యాకరణానికి కూడా తెలుసు.

అలాంటి వీధి మీద నగరపాలక సంస్థ వాళ్ళ కన్ను పడింది. నగర సుందరీకరణలో భాగంగా చెట్లన్నీ తీసేసి, కాలిబాట మీద నున్నటి పలకలు పరిచి, సిమెంటు కుండీల్లో పొట్టి మొక్కలు పెడతామని ఉత్తర్వు వేశారు. చెట్లు తీసేస్తే అందం ఎలా వస్తుందని అడిగితే, ఉత్తర్వుతో పాటు రంగుల బొమ్మ కూడా చూపించారు. ఆ బొమ్మలో ఎండ లేదు.

వీధి మొత్తం ఒంటికాలి మీద లేచింది. రాత్రికి రాత్రే వృక్ష పరిరక్షణ సమితి పుట్టుకొచ్చింది. వ్యాకరణం అధ్యక్షుడు, మూలమీద మందుల షాపాయన కార్యదర్శి, పళ్ళ డాక్టరమ్మ ఉపాధ్యక్షురాలు. ఆవిడ ఆసుపత్రిలో రోగులు కూర్చునే గదిలోనే సమావేశాలు జరిగేవి. దవడలు పట్టుకుని మూలుగుతున్న రోగుల మధ్య కూర్చుని సభ్యులు ప్రాణవాయువు గురించీ రాబోయే తరాల గురించీ ఉపన్యాసాలు దంచారు. మందుల షాపాయన మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు పూడుకుపోయి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంతకీ ఆ చెట్ల పేరేమిటని ఎవరో కొత్తాయన అడిగితే మాత్రం అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వ్యాకరణం గొంతు సవరించుకుని, వాటిని మహావృక్షములు అనవచ్చునని తేల్చాడు.

నగరపాలక సంస్థ ప్రజాభిప్రాయ సభ పెడుతోందని తెలిసింది. ఊళ్ళో వీధులన్నిటి గొడవలూ ఒకే పూట వింటారట. తలో మాటా అరిస్తే ఏ మాటా చెవికెక్కదనీ, వీధి వీధంతా ఒక్క గొంతుతో ఒక్క మాట అనాలనీ వ్యాకరణం సూచించాడు. ఆ మాట ఏమిటన్న దగ్గర చర్చ మొదలై చాలాసేపు నడిచింది. "వద్దు" అందామని ఎవరో అన్నారు. అది అన్నం తినని పసిపిల్లలు అనే మాటన్నాడు వ్యాకరణం. "ఆపండి" అందామన్నారు. ఆపినది మళ్ళీ మొదలుపెట్టవచ్చు, కాబట్టి అర్థబలం చాలదన్నాడు. "రద్దు చేయండి" అంటే సరిపోతుందిగా అని డాక్టరమ్మ అంది. రద్దు అనేది మన మాట కాదని ఆయన ముఖం మాడ్చుకున్నాడు. చివరికి కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, "కొట్టివేయండి" అన్నాడు.

న్యాయస్థానాలు తప్పుడు ఉత్తర్వులను కొట్టివేస్తాయి. పత్రికలు అదే రాస్తాయి. ఆ మాటలో ఒక గాంభీర్యం ఉంది, ఒక తీర్పు ఉంది. సభ్యులు చప్పట్లు కొట్టారు. అందరూ కలిసి అని చూస్తే నోరు తిరక్క అది "కొట్టేయండి" అయింది. వ్యాకరణం ముందు ఒప్పుకోలేదు, తరవాత వాడుకలో ఆ రూపమూ సాధువేనని పెద్దమనసు చేసుకున్నాడు.

ఆ రాత్రి ఇంట్లో అద్దం ముందు నిలబడి అదే మాట నాలుగు రకాలుగా అని చూసుకుంటుంటే, మంచం మీద నుంచి భార్య అడిగింది.

"ఎవర్ని?"

"ఎవరిని కాదు. దేనిని అనాలి," అన్నాడాయన. ప్రశ్నలో తప్పు దిద్దాడు గాని ప్రశ్న మటుకు చెవిన పెట్టలేదు.

సభ నాడు హాలు కిటకిటలాడిపోయింది. మురుగు కాలువల వాళ్ళు, కుక్కల బెడద వాళ్ళు, నీళ్ళు రానివాళ్ళు, నీళ్ళు ఇంట్లోకే వచ్చినవాళ్ళు, అందరూ అక్కడే ఉన్నారు. వేదిక మీద ఉద్యానాధికారిణి కూర్చుంది. పొద్దుటి నుంచి తిట్లు తిని తిని అలసిపోయిన మనిషి. పక్కన గుమాస్తా రాసుకుంటున్నాడు, ఒక మూల కెమెరా నడుస్తోంది. వీళ్ళ వంతు వచ్చింది. ఆవిడ కాగితంలో చూసి, వీధి చెట్లని చదివి, తలెత్తింది.

"చెప్పండి. ఏం చేయమంటారు?"

వ్యాకరణం చెయ్యి పైకెత్తి దించాడు. వీధి మొత్తం ఒక్క గొంతుతో అంది.

"కొట్టేయండి."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. అందరిదీ ఇదే మాటా అని అడిగింది. వ్యాకరణం లేచి నిలబడి, ఏకగ్రీవమని చెప్పాడు. రికార్డు కోసం ఇంకొక్కసారి అనమంది. ఈసారి ఇంకా బాగా అన్నారు. కుక్కల బెడద వాళ్ళు కూడా ఊపులో గొంతు కలిపారు. ఇంతగా సహకరించే వీధిని తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదనీ, వాళ్ళ కోరిక తప్పక నెరవేరుస్తాననీ ఆవిడ నమస్కారం పెట్టింది. వీళ్ళు గాల్లో తేలుతూ ఇంటికొచ్చారు.

వారం తిరక్కుండా చెట్లకు నోటీసులు అంటించారు. "వీధి చెట్ల విషయమై, నివాసితుల ఏకగ్రీవ కోరిక మేరకు, వచ్చే సోమవారం ఉదయం కొట్టివేయబడును" అని ఉంది. వ్యాకరణం దాన్ని నడివీధిలో బిగ్గరగా చదివి వినిపించాడు. మన భాషకు కర్మణి ప్రయోగం అంత అందం కాదని చిన్న ఆక్షేపణ తెలిపి, అయినా ప్రభుత్వం దిగొచ్చినందుకు క్షమించేశాడు. మందుల షాపాయన అందరికీ మిఠాయి పంచాడు. డాక్టరమ్మ పళ్ళకు మంచిది కాదంటూనే రెండు తీసుకుంది.

నోటీసు నకలు ఒకటి ఇంటికి తెచ్చి భార్యకు గర్వంగా చూపించాడు. ఆవిడ ఉద్యోగమంతా తపాలా కార్యాలయం కౌంటరు వెనక గడిచింది. ఏ కాగితం చేతికొచ్చినా అందులో మాటలు ఎంత బాగున్నాయో చూడదు, తననేం చేయమంటున్నారో చూస్తుంది. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వరుస దగ్గర వేలు పెట్టింది. ఆ రోజు రోడ్డు పక్కన కార్లు, బళ్ళు నిలపరాదని ఉందక్కడ.

"ఉత్తర్వు కొట్టెయ్యడానికి కార్లు తియ్యడం ఎందుకండీ?"

వ్యాకరణం జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. చెట్లు కొట్టేశారు, కేసు కొట్టేశారు, జేబు కొట్టేశారు. భాషలో ఉన్న కొట్టివేతలన్నీ వరసగా వచ్చి ఆయన ముందు నిలబడ్డాయి.

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఉద్యానాధికారిణి ఆఫీసుకు పరిగెత్తాడు. ఆవిడ ఓపిగ్గా విన్నది. మధ్యలో ఒకసారి నవ్వొస్తే దగ్గులా మార్చుకుంది. తనకు చెట్ల మీద పగేమీ లేదనీ, ఆపడం తన చేతిలో పనేననీ అంది. కాకపోతే కెమెరాలో రెండుసార్లు వినిపించిన మాట ఉంది కాబట్టి, సభలో అన్న మాట పొరపాటని వీధి తరఫున ఎవరో ఒకరు రాసి సంతకం చేయాలి. అంతకు మించి ఇంకేమీ అక్కర్లేదంది.

పొరపాటు అన్న మాట వ్యాకరణానికి మింగుడు పడలేదు. పొరపాటు పడింది విన్నవాళ్ళు. అన్నవాళ్ళు ఎందుకు రాయాలి? పోనీ, ఇంకెవరైనా రాస్తే సరిపోతుందిగా అనుకుని మందుల షాపాయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన నీళ్ళు నమిలాడు. చెట్లంటే తనకు ప్రాణమన్నాడు. షాపు ముందున్న ఒక్క చెట్టు మాత్రం తన బోర్డును పూర్తిగా కప్పేస్తోందనీ, కళ్ళు సరిగా కనబడనివాళ్ళు ఎదురు షాపుకు పోతున్నారనీ అన్నాడు. మిగతావన్నీ ఉండాలట. డాక్టరమ్మ మూతికి గుడ్డ కట్టుకుని ఎవరిదో పన్ను పీకుతూనే మాట్లాడింది. ఆకులు తడిసి రోగులు జారిపడుతున్నారు, తన గుమ్మం ముందుది ఒక్కటీ పోతే మంచిదే, మిగతావి మాత్రం తాకనివ్వకూడదంది. పైగా మాట ఎంచింది మాస్టారు గనక దిద్దాల్సింది కూడా మాస్టారేనని అంది. కారాయనకు పిట్టల రెట్ట బాధ, మేడమీదాయనకు వెలుతురు బాధ. ఎవరిని కదిపినా ఒక్కటంటే ఒక్కటే పోవాలంటారు. ఆ ఒక్కొక్కటీ కలిపి చూసుకుంటే వీధిలో ఒక్క చెట్టూ మిగలదు. కళ్ళు తుడుచుకున్న సమితి ఇదేనా అని వ్యాకరణానికి ఒళ్ళు మండింది.

తిరిగి ఆఫీసుకు బయలుదేరుతుంటే భార్య గేటు దాకా వచ్చింది. ఇంటి ముందు చెట్టును పట్టుకుని నిలబడి, మాటలు కూడదీసుకుని చెప్పింది.

"పొరపాటని రాసెయ్యండి. ఒక్క మాటేగా. ఇవి పోతే నేనింక అక్క మొహం చూళ్ళేను."

ఆయన తలూపాడు. నిజంగా రాసేద్దామనే వెళ్ళాడు.

గుమాస్తా కాగితం సిద్ధంగా టైపు చేసి పెట్టాడు. "సభలో మేము వాడిన మాట పొరపాటున వాడినది" అని ఒకే ఒక్క వాక్యం. కింద అధ్యక్షుడి సంతకానికి చోటు. వ్యాకరణం కలం తీశాడు. వాక్యం చదివాడు. మేము, మాట, పొరపాటు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎంతమంది కాగితాల మీద ఎర్ర సిరాతో గీతలు గీశాడో, వాళ్ళంతా వచ్చి ఆ గదిలో చుట్టూ నిలబడి చూస్తున్నట్టనిపించింది. రేపు పొద్దున్న పాలు పోసేవాడు కూడా నవ్వుతాడు. ఆయన కలం మూత పెట్టేసి, తెల్లకాగితాలు అడిగాడు.

అక్కడే బల్ల మీద కూర్చుని వివరణ రాశాడు. కొట్టివేయు అనే క్రియ పుట్టుపూర్వోత్తరాలు రాశాడు. అది చట్ట పరిభాషలో ఎలా ప్రయుక్తమవుతుందో రాశాడు. సందర్భాన్ని బట్టి కర్మపదం ఉత్తర్వేనని, వృక్షాలు కావని, ఆ మాత్రం అన్వయం చేసుకోలేకపోవడం శ్రోతల లోపమని రాశాడు. రాస్తున్నకొద్దీ ఉత్సాహం తలకెక్కింది. చివర్న, "కావున మా పదప్రయోగమున ఎట్టి దోషమును లేదనియు, వీధివారందరును ఆ మాటను తెలిసియే పలికిరనియు మనవి" అని ముగించి, పూర్తి సంతకం చేశాడు.

అధికారిణి మొత్తం చదివింది. రెండోసారి చివరి వాక్యం ఒక్కటే చదివింది.

"అంటే, పొరపాటు లేదంటారు."

"ఎంతమాత్రమూ లేదు."

"తెలిసే అన్నారు."

"తెలిసియే," అని దిద్దాడు వ్యాకరణం.

ఆవిడ పాత కాగితం ఇంకా బల్ల మీదే ఉందనీ, ఇప్పటికైనా దాని మీద సంతకం చేయవచ్చనీ మెల్లగా అంది. పైవాళ్ళకు చూపించడానికి తనకు ఆ ఒక్క మాటే కావాలంది. వ్యాకరణం వివరణ చాలునని, చదువుకున్నవారెవరికైనా అర్థమవుతుందని చెప్పాడు. ఆవిడ వివరణ మీద ముద్ర వేయించి ఫైలులో పెట్టింది.

ఇంటికొచ్చాక భార్య ఒక్కటే అడిగింది, పొరపాటని రాశారా అని. వివరంగా రాశానన్నాడు. ఏమని రాశారని మళ్ళీ అడిగింది. ఆయన చెప్పుకుంటూ పోయాడు. క్రియ దగ్గర, అన్వయం దగ్గర ఆవిడ ముఖం చూస్తూ చెప్పాడు, చివరి వాక్యం దగ్గరికొచ్చేసరికి చూపు తిప్పుకున్నాడు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

సోమవారం పొద్దున్నే రంపాల బండి వచ్చింది. కార్లన్నీ ముందే తీసేసి ఉన్నాయి. మొదటి చెట్టు వ్యాకరణం గేటు ముందుదే. రంపం మోగేసరికి ఆయన బనీనుతోనే బయటికి పరిగెత్తి "ఆపండి, ఆపండి" అని గొంతు చించుకున్నాడు. పనివాళ్ళ మేస్త్రీ మర్యాదగానే జేబులోంచి కాగితం తీసి చూపించాడు. వీధివాళ్ళే కొట్టేయమన్నారనీ, తెలిసే అన్నారని ఎవరో పెద్దమనిషి రాసి కూడా ఇచ్చాడనీ చెప్పాడు. ఆ పెద్దమనిషి బనీనుతో అలాగే గేటు లోపలికి నడిచాడు. మందుల షాపాయన పనివాళ్ళకు మంచినీళ్ళ సీసాలు తెచ్చిచ్చాడు, తన చెట్టు దగ్గర వేర్లు కూడా మిగలకుండా చూడమన్నాడు. సాయంత్రానికి వీధి బోడిగుండైపోయింది. బోర్డులన్నీ కనిపిస్తున్నాయి. ఒకరి ఇంట్లో ఏం జరుగుతోందో ఇంకొకరికి కనిపిస్తోంది. వారంలోగా అందరూ కిటికీలకు మందపాటి తెరలు కొనుక్కున్నారు. సమితి రద్దయింది. ఆ మాటను ఎవరూ దిద్దలేదు.

భార్య గేటు దాటడం మానేసింది. అక్కగారు ఫోను చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. తిండి తగ్గింది. పడుకున్న మనిషి పడుకున్నట్టే ఉంది. వ్యాకరణం పక్కన కూర్చుని ఏదో చెప్పబోయేవాడు. చెప్పడానికి ఆయన దగ్గర ఎప్పుడూ మాటలే ఉండేవి, ఇప్పుడు వాటిలో ఒక్కటి చెప్పడానికీ మొహం చెల్లలేదు. తనే చేశాడని ఆయనకు తెలుసు. రాత్రిళ్ళు అదే గుర్తొచ్చి నిద్ర పట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ తనంతట తనే లేచింది. చీర సర్దుకుని గోడ పట్టుకుంటూ గేటు దాకా వచ్చింది. అలవాటు కొద్దీ చెయ్యి చాపింది. చేతికేమీ తగల్లేదు. ఒళ్ళు తూలితే గేటు ఊచ పట్టుకుని ఆగింది. వ్యాకరణం పరిగెత్తుకొచ్చి చెయ్యి అందించాడు.

"చెయ్యొద్దు," అంది. నరికిన మొదలు వైపు చూపించింది. "అక్కడికెళ్ళి నిలబడండి."

ఆయనకు అర్థం కాలేదు, అయినా వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ గేటు వదిలి, కాలీడ్చుకుంటూ, మధ్యలో రెండుసార్లు ఊగిపోతూ వచ్చి ఆయన భుజం అందుకుంది. బరువంతా వేసి నిలబడి ఊపిరి పీల్చుకుంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ లోపల దిద్దుకుంటూ వచ్చిన వాక్యం ఒకటుంది, అది ఇప్పుడు చెప్పాలని పెదవి కదిపాడు.

"మాట్లాడకండి. చెట్లు మాట్లాడవు," అంది ఆవిడ. "పదండి, ఆ తరవాతదాని దగ్గరికి."

ఆయన వెళ్ళి తరవాతదాని దగ్గర నిలబడ్డాడు. ఆవిడ వచ్చింది. మళ్ళీ ఇంకోదాని దగ్గరికి వెళ్ళాడు. నెత్తిన ఎండ మాడుస్తోంది. తెరల సందుల్లోంచి వీధి వీధంతా చూస్తోంది. మందుల షాపాయన గుమ్మంలోకి వచ్చి, "ఏంటి మాస్టారూ, ఎండలో నిలబడుండారు?" అని పలకరించాడు. వ్యాకరణం ఆయన వైపు చూశాడు. ఆ మాట తప్పని తెలుసు, దిద్దుబాటు నోటిదాకా వచ్చింది కూడా. భుజం మీద చెయ్యి బరువుగా ఉంది. ఏమీ అనలేదు.

అక్కగారి ఇల్లు చేరేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది. అక్కగారు లోపలి నుంచే, ఇంతసేపు పట్టిందేమే అని అడిగింది. కొత్త చెట్టక్కా, ఇంకా అలవాటు కాలేదని చెల్లెలు జవాబిచ్చి లోపలికి నడిచింది. వెనకే ఆయన కూడా గుమ్మం ఎక్కబోయాడు.

ఆవిడ వెనక్కి తిరిగింది.

"మీరక్కడే ఉండండి. సాయంత్రం మళ్ళీ కావాలి."

తలుపు దగ్గరికేసింది. వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా నీడ లేదు. లోపల అక్కాచెల్లెళ్ళు ఆయన్ని ఉతకడం మొదలుపెట్టారు. ఒక్కో మాటా స్పష్టంగా వినిపిస్తోంది. వ్యాకరణం చేతులు వేలాడేసుకుని గేటు పక్కన నిలబడి వింటూ ఉండిపోయాడు.